డ్రమ్ముల వెనక ఖాళీ స్టూలు

అది కాదమ్మాయ్, మూడో విశేషం శుద్ధ అబద్ధం. ముందు అది కొట్టెయ్. పెన్ను లేకపోతే ఇదిగో, నాది తీసుకో. వెళ్ళేటప్పుడు మాత్రం ఇచ్చి వెళ్ళు.

"పాట మొదట్లో వినిపించే టకటక శబ్దం యంత్రాల కింద నలిగిపోతున్న మనిషి వేదన." ఎవరు రాశారమ్మా ఇది? నువ్వేనా? లేదూ, ఎక్కడో చదివి రాసుకున్నావా? బావుంది. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు, వాళ్ళు రాసింది మరొకళ్ళు. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి మా అమ్మ కుట్టుమిషను కాస్తా మనిషి వేదన అయి కూర్చుంది.

కుట్టుమిషనే తల్లీ అది. నువ్వు చెయ్యి ఆనించుకుని కూర్చున్నావే, గుడ్డ కప్పి ఉంది చూడు, అదే. అబ్బే, చెయ్యి తియ్యక్కర్లేదు. మనిషి వేదన నిన్నేం చెయ్యదులే.

బళ్ళు తెరిచే రోజులు. అమ్మకి రెండువందల నలభై చొక్కాలు కుట్టే పని. వెనక గదిలో మా తమ్ముడూ, వాడి బ్యాండువాళ్ళూ కలిసి నలుగురూ టేపు రికార్డరు పెట్టుకుని పాట పాడుతున్నారు. పాడేవాడు వచ్చి, ఒక్క అయిదు నిమిషాలు మిషను ఆపుతారా అత్తయ్యగారూ అని చేతులు కట్టుకుని అడిగాడు. అమ్మ తల కూడా ఎత్తలేదు. "నీ పాట ఆగితే ఎవరికీ ఏమీ కాదు నాయనా. నా మిషను ఆగితే రేపు పిల్లలు చొక్కాల్లేకుండా బడికి పోతారు" అంది. అంతే. టేపులో మిషనూ ఎక్కింది. తరవాత విని, అదే బావుందన్నారు. అదీ మీ యంత్రయుగం.

ఫోను దగ్గరికి జరుపుకో, నా గొంతు చిన్నది. రికార్డవుతోందా? సరే.

పుస్తకం పేరేమన్నావు? ఆనాటి ఆల్టర్నేటివ్ రాక్ పాటలు, వాటి వీడియోలు, మీకు తెలియని విశేషాలు. తెలియనివి అన్న మాట నిజమే, మాకే తెలియవు. మా వాళ్ళ పాట ఒక్కదానికే పన్నెండు విశేషాలు రాశావు. రేపు పొద్దున అచ్చుకి పోతుందని నిన్న మా తమ్ముడి ఆఫీసుకి పరిగెత్తావు. వాడేమో, మా ఇంట్లో అన్నీ గుర్తుపెట్టుకునేది అక్కే, అక్కనడగండి అని నా మీదికి తోశాడు. వాడంతే. చిన్నప్పుడు లెక్కలు తోసేవాడు, ఇప్పుడు నిన్ను తోశాడు.

ఆల్టర్నేటివ్ అంటే ఏమిట్రా అని అప్పట్లో అడిగాను. అందరూ వాయించే పద్ధతి కాదక్కా, వేరే పద్ధతి అన్నాడు. అందరూ వాయించేది ముందు వచ్చి ఏడిస్తే కదరా, వేరేది అనడానికి, అని అమ్మ మిషను మీంచే అంది. బ్యాండుకి పేరు మూడుసార్లు మార్చారు. ఆఖరిది నేను పలకను. ప్రార్థన చేసుకునే నోరమ్మా ఇది.

వాళ్ళ సొంత పేర్లు కూడా మా ఇంట్లో ఎవరూ వాడలేదు. పాడేవాడు పొడుగాయన. గిటారువాడు నిద్రమొహం. ఆ లావు తీగల గిటారు పట్టుకునే పిల్లవాడు ఏమన్నా "అవునండి" తప్ప ఇంకోటి అనడు, అందుకని అవునండి. ఇక డ్రమ్ములు వాయించే మా తమ్ముణ్ణి వాళ్ళు మిషను అని పిలిచేవాళ్ళు. ఎందుకో చెబుతాను విను. వాడు పుట్టినప్పుడు అమ్మ బుట్టలో వేసి ఈ మిషను కాళ్ళ దగ్గరే పడుకోబెట్టేది. మిషను ఆడుతుంటే నిద్ర, ఆగితే ఏడుపు. ఆ చేతులు ఇప్పటికీ ఊరుకోవు. పళ్ళెం మీద, బల్ల మీద, తలుపు మీద టకటక. బీమా ఆఫీసులో వాడి పక్క సీటావిడ ఎలా భరిస్తోందో, దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి.

సరే, తరవాతదేమిటి. ఆ, స్వెటరు.

"గాయకుడు మోచేతి దగ్గర చిరిగిన స్వెటరు వేసుకుని సమాజం మీద తన తిరుగుబాటు ప్రకటించాడు." ఆ స్వెటరు నేను అల్లానమ్మా. తమ్ముడికి అల్లాను, నాలుగు నెలలు పట్టింది. మోచెయ్యి చినిగింది మా గేటు మేకుకి. వానలో తడిసొచ్చాడని పొడుగాయనకి వేసుకోమని ఇస్తే, వేసుకుపోయాడు, తిరిగివ్వలేదు. టీవీలో పాటల చానెల్లో మధ్యాహ్నం వీడియో వస్తే, అమ్మ చూసి మొదట అన్న మాట, "అదుగో మన స్వెటరు." దేశమంతా తిరుగుబాటు చూసిందట. మా ఇంట్లో స్వెటరు చూశాం.

"వీడియో అంతా నీలం రంగులో ఉండటం దర్శకుడి విషాద దృష్టికి నిదర్శనం." దర్శకుడెవరు? పెళ్ళిళ్ళకి వీడియో తీసేవాడు. లాండ్రీలో బల్బులు మరీ పచ్చగా ఉన్నాయని, నేను పుస్తకాలకి అట్టలు వెయ్యడానికి దాచుకున్న నీలం కాగితం నాలుగు షీట్లు ముందే తమ్ముడి చేత తెప్పించుకుని బల్బులకి చుట్టాడు. ఒకటి కాలి కంపు కొట్టింది కూడానట. విషాదమంటే అదీ.

లాండ్రీ అంటే నిద్రమొహం వాళ్ళ మేనత్తది. పెద్ద పెద్ద బట్టలుతికే మిషన్లు వరసగా ఉండేవి. పాత మిషన్లు తీసేసి కొత్తవి పెడుతున్నారు, ఆ మధ్యలో కొట్టు కొన్నాళ్ళు మూసి ఉంటుందంటే అక్కడ తీస్తామన్నారు.

"పాటంతా ఒకే టేకులో తీసి చరిత్ర సృష్టించారు." ఇంకోసారి తియ్యడానికి టైము లేదు తల్లీ. పన్నెండింటికల్లా కెమెరా తిరిగి ఇచ్చెయ్యాలి. చరిత్రలు అలాగే పుడతాయేమో, నాకేం తెలుసు.

"గాయకుడు చివరిదాకా కెమెరా వైపు చూడకపోవడం కీర్తిని ధిక్కరించడం." కంటికురుపు. ఎడమ కన్ను ఇంత వాచింది. లాండ్రీ ఆవిడే తరవాత నాకు చెప్పింది, వేడి గుడ్డతో కాపడం పెట్టింది కూడా ఆవిడే.

పిల్లి సంగతి చూడు. "డ్రమ్ముల మధ్య నడిచే పిల్లికి మూడు వారాలు శిక్షణ ఇచ్చారు." అమ్మాయ్, నువ్వెప్పుడైనా పిల్లిని పెంచావా? లేదు కదా. అందుకే రాయగలిగావు. అది లాండ్రీలో ఉండే పిల్లి. వెచ్చగా ఉంటుందని అక్కడ పడుకునేది. స్టూలు ఖాళీగా కనిపించింది, ఎక్కి కూర్చుంది, విసుగేసి దిగిపోయింది.

ఆ, స్టూలు. ఏడోది కదా. దాని సంగతి తరవాత చూద్దాంలే.

వరసగా చూడాలని ఏముంది. తొమ్మిదోది చదువు. "పాటలో పదే పదే వచ్చే మూతపడని తలుపు మనసుకి ప్రతీక." మా స్నానాల గది తలుపమ్మా. గడియ పడేది కాదు. లోపలున్నవాళ్ళు ఏదో ఒకటి పాడుతూ ఉండాలి, లేకపోతే బయటివాళ్ళు తోసుకొచ్చేస్తారు. పొడుగాయన అందులో కూర్చుని పాడుకున్నదే తరవాత రికార్డయింది. మనసు అనుకో, నాకేం అభ్యంతరం లేదు. చదివేవాళ్ళకి అదే బావుంటుంది.

నా మాట నమ్మవా? నమ్మకపోయినా తప్పు లేదు, ముసలావిడ ఏదో చెబుతుందనుకుంటావు. ఉండు.

ఇదిగో. మా ఇంటి ఫోను పుస్తకం ఇది. ఇలాంటివి పదకొండు ఉన్నాయి. ఇంట్లో ఫోను పెట్టించిన రోజే నాన్నగారు రూలు పెట్టారు. ఎవరు ఫోనెత్తినా, ఎవరికి ఏం కబురో ఇందులో రాయాలి. కబురు అందుకున్నవాళ్ళు పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు లేదంటే కబురు అందలేదన్నమాట. పుస్తకం దారంతో ఫోను బల్లకి కట్టి ఉండేది. ఎవరూ కాగితాలు చింపకుండా కొత్త పుస్తకం తేగానే కూర్చుని ప్రతి పేజీకీ పైన మూలలో నంబరు వేసేవారు. చూడు, ఎంత గుండ్రంగా ఉన్నాయో ఆయన అంకెలు. ఆయన పోయాక ఇవన్నీ నేనే దాచాను. మిగతావాళ్ళు పాత సామానన్నారు.

ఇదిగో, ఎనభై రెండో పేజీ. "పొడుగాయన ఫోను. స్వెటరు రేపు తెస్తాడట." టిక్కు తమ్ముడిది. తొంభై. "పొడుగాయన. స్వెటరు ఎల్లుండి." టిక్కు. తొంభై ఏడు. "అవునండి ఫోను. ఏం చెప్పాలని అడిగితే అవునండి అన్నాడు." దీనికి కూడా టిక్కు పెట్టాడు చూడు మా వాడు. ఏం అర్థమైందో వాడికి.

నవ్వు, నవ్వు. నవ్వితే మంచిదే.

నేను తిప్పుతాను, నీకెందుకు శ్రమ. పుస్తకం పాతది, కుట్లు ఊడిపోతాయి.

ఏడోదా? అదే అడుగుతున్నావు మళ్ళీ. చదువు అయితే. వింటాను.

"డ్రమ్మరు కెమెరా అంటే భయపడి షూటింగుకి రాకుండా పారిపోయాడు. అతని కోసం ఎదురుచూసి, చివరికి డ్రమ్ముల వెనక ఖాళీ స్టూలుతోనే వీడియో తీశారు. ఆ ఖాళీ స్టూలే ఒక తరం ఒంటరితనానికి గుర్తుగా నిలిచిపోయింది."

పొడుగాయన చెప్పాడా? ఎప్పుడు? పోయిన నెల. ఇంకా అదే మాట అంటున్నాడన్నమాట. ముప్ఫై ఏళ్ళయినా స్వెటరూ ఇవ్వలేదు, ఆ మాటా మార్చలేదు.

అచ్చులో అలాగే వస్తుందా? పారిపోయాడు అనే వస్తుందా? వాడి ఆఫీసులో వాళ్ళూ చదువుతారు కదా.

మా వాడు భయపడే మనిషి కాదమ్మాయ్. ఆ మాట మాత్రం రాసుకో. ఎనిమిదేళ్ళప్పుడు బావిలో పడ్డ కుక్కపిల్ల కోసం దిగినవాడు వాడు.

మరి ఎందుకు రాలేదంటావు. వాడికి కబురు అందలేదు. అదీ సంగతి. షూటింగు ఆదివారం అనుకున్నారు. కొత్త మిషన్లు ముందే వచ్చేస్తున్నాయని తెలిసి శుక్రవారానికి మార్చారు. వీడు ఆ శుక్రవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని బీమా ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. వాళ్ళు లాండ్రీలో కూర్చున్నారు, వీడు ఆఫీసులో కూర్చున్నాడు. వాళ్ళకి వీడు దొరకలేదు, వీడికి ఉద్యోగం దొరికింది.

సాయంత్రం పొడుగాయన వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. నా స్వెటరు వేసుకునే. పిరికివాడా అన్నాడు మా వాణ్ణి. నాకెవరూ చెప్పలేదన్నాడు వీడు. లాండ్రీ ఆవిడ మీ ఇంటికి ఫోను చేసి చెప్పింది అన్నాడు ఆయన. వీడు లోపలికొచ్చాడు. ఫోను పుస్తకం తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఈ గుమ్మంలో ఉన్నాను. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళి, "ఇంట్లో చెప్పారు. నేనే రాలేదు" అన్నాడు.

అవును, అలాగే అన్నాడు. ఆ మాటనే పొడుగాయన ఇప్పటికీ మోస్తున్నాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. వాళ్ళు వేరే డ్రమ్మరుని పెట్టుకున్నారు, వ్యాన్‌లో ఊళ్ళు తిరిగారు, మూడు ఆల్బమ్‌లు చేసి కొట్టుకుని విడిపోయారు. వీడు సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్ళాడు.

ఎందుకలా అన్నాడంటావు? నాన్నగారి కోసం అనుకున్నాను నేను. ఆయనకి అప్పటికి చెవులూ మందగించాయి, కళ్ళూ మందగించాయి. అయినా ఫోను ఎత్తకుండా ఉండలేరు. ఎత్తి, సగం విని, రాయడం మర్చిపోయి ఉంటారు. తండ్రిని నలుగురిలో నిలబెట్టడం ఇష్టంలేక కొడుకు తన మీద వేసుకున్నాడు. అలా అనుకున్నాను.

నాన్నగారూ అలాగే అనుకున్నారు పాపం. ఆ రాత్రి భోజనం ముందు కూర్చుని, నేనేమైనా ఎత్తానేమోరా, గుర్తు లేదు అన్నారు. వీడు, ఫరవాలేదు నాన్నా అన్నాడు. ఆ తరవాత ఆయన ఫోను ముట్టుకోలేదు. మోగుతుంటే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయేవారు. పోయేదాకా అంతే.

అందుకని, అమ్మాయ్, ఏడోది ఇలా రాసుకో. "ఇంట్లో పెద్దాయన పొరపాటు వల్ల డ్రమ్మరుకి కబురు అందలేదు." చాలా? పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయనేమీ అనుకోరు.

ఏమిటి?

ఏ పేజీ?

నూట పదమూడా? ఆ నంబరు నీకెలా తెలుసు? పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. నువ్వు ముట్టుకోను కూడా లేదు.

వాడు చెప్పాడా. నిన్న? ఆఫీసులో?

మాట మాట చెప్పు. వాడు ఎలా అన్నాడో అలాగే చెప్పు.

"అక్క దగ్గర ఫోను పుస్తకం ఉంటుంది. నూట పదమూడో పేజీ చూపించమనండి. చూపిస్తే అందులో ఉన్నది రాయండి. చూపించకపోతే పొడుగాయన చెప్పిందే ఉంచెయ్యండి."

అలా అన్నాడా. టకటకలాడించాడా అప్పుడు, బల్ల మీద? లేదూ. చేతులు కదలలేదా. హుఁ.

కాసిని మంచినీళ్ళు ఇటివ్వు తల్లీ. ఆ గ్లాసే.

చూడు అయితే. తిప్పు నువ్వే. నూట పది, నూట పదకొండు, నూట పన్నెండు. తరవాత? నూట పదిహేను. మధ్యలో కాగితం లేదు. నాన్నగారు వేసిన నంబర్లు. నేనేం చింపానో చెప్పడానికి నంబరు ఒక్కటి చాలు. తండ్రి కబురు రాయడం మర్చిపోవచ్చు గానీ, నంబరు వేసిన పేజీని ఆయన చింపరు. అమ్మ మిషను దిగి ఫోను దగ్గరికి వచ్చేది కాదు. ఇక మిగిలింది ఎవరు? గుమ్మంలో నిలబడి చూస్తున్నదాన్ని. అదంతా వాడికి ఆ సాయంత్రమే తెలిసింది. ముప్ఫై ఏళ్ళుగా వాడు పుస్తకంలో ఏమీ కనిపించక నాన్నగారిని అనుమానించాడని నేననుకుంటున్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడు. ఇంటికల్లా జ్ఞాపకశక్తి గలదాన్ని, ఇంత చిన్న సంగతి తట్టలేదు.

తట్టలేదా, తట్టనివ్వలేదా. అది నీ ఫోనుకి ఎందుకులే.

గురువారం సాయంత్రం. లాండ్రీ ఆవిడ ఫోను. నేనే ఎత్తాను. షూటింగు రేపేనట, పొద్దున తొమ్మిదింటికి, తప్పకుండా రమ్మను అంది. సరేనన్నాను. రాశాను కూడా. చెయ్యి రాసేసిందమ్మా, అలవాటు కదా, బుద్ధి తరవాత వచ్చింది.

అప్పుడు వెళ్ళి ప్రార్థనకి కూర్చున్నాను. నవ్వకు. ఏం చెయ్యాలో చెప్పమని దేవుణ్ణి అడిగాను. పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. ఆ కాగితం తెచ్చిందీ నేనే, నింపిందీ నేనే, ఎక్కడ సంతకం పెట్టాలో గుర్తు పెట్టి వాడి చేతికిచ్చిందీ నేనే. చెబితే లాండ్రీకి పోతాడు. దేవుడు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని సరే అన్నట్టు తీసుకున్నాను. లేచి వచ్చి పేజీ చింపాను. అప్పటి నుంచీ కూడా ఆయన ఏమీ అనలేదు. రోజూ రెండు పూటలా అడుగుతున్నాను.

మర్నాడు మళ్ళీ లాండ్రీ నుంచి ఫోను. మీ వాడు బయల్దేరాడా అని. "బయల్దేరాడండి" అన్నాను. అబద్ధం కాదు కదా. బయల్దేరాడు. ఎక్కడికి అని వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు. నా గొంతు అప్పుడూ ఇంతే, అక్కడి హోరులో ఎవరు మాట్లాడారో ఆవిడకేం తెలుస్తుంది. నేను అబద్ధాలాడనని మా ఇంట్లో అందరూ అంటారు. అందులో లోటు రానివ్వలేదు.

వాడి మంచికే చేశానని అనుకున్నాను. ఉద్యోగం, పూటకి ఇంత తిండి, ఒక నిలకడ. నలుగురు జుట్టు పెంచినవాళ్ళతో వ్యాన్‌లో తిరిగితే ఏమొస్తుంది. చూడు, వాళ్ళు కొట్టుకుని విడిపోయారా లేదా. నేను చెప్పలేదూ? ఈ మాట ఎన్ని వందల సార్లు నాలో నేను అనుకున్నానో.

కాదమ్మాయ్.

అది కూడా పన్నెండు విశేషాల్లో ఒకటి లాంటిదే. వినడానికి బావుంటుంది.

వాడు వ్యాన్ సంగతి చెప్పిన రోజున నేను ఈ గదిలోనే ఉన్నాను. ఆదివారం షూటింగు కాగానే వెళ్ళిపోతున్నాం అక్కా, మళ్ళీ ఎప్పుడొస్తానో అన్నాడు. చెబుతూ తలుపు మీద టకటక వాయిస్తున్నాడు. అమ్మకి మోకాళ్ళు పోతున్నాయి, మిషను ఇంకో ఏడాదో రెండేళ్ళో. నాన్నగారికి మాట వినపడదు. నాకు పెళ్ళి ప్రస్తావన ఆగిపోయి నాలుగేళ్ళు. వాడు వెళ్తే ఈ ఇంట్లో చప్పుడేముంటుంది? అంతే. నాకు ఆ టకటక ఇక్కడే కావాలి. వాడి మంచి కాదు, ఇంటి మంచి కాదు. నేను ఒక్కదాన్నీ ఈ నిశ్శబ్దంలో ఉండలేను, అందుకని చింపాను.

దక్కింది కదా. ముప్ఫై ఏళ్ళుగా భోజనం బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు. అన్నీ తెలిసే వాయిస్తున్నాడు. ఒక్కరోజు ఒక్క మాట అనలేదు. ఇద్దరూ ఇద్దరే, వాడూ, దేవుడూ.

ఇదిగో, ఈ ప్రార్థన పుస్తకంలో ఉంది. నిన్నటిదాకా చదివిన చోట గుర్తుగా పెడతాను. మడతల దగ్గర చిల్లులు పడ్డాయి, మెల్లిగా విప్పు. పైన మూలలో చూడు, నూట పదమూడు. "సాయంత్రం ఆరు పది. లాండ్రీ ఆవిడ. షూటింగు ఆదివారం కాదు, రేపే. పొద్దున తొమ్మిది. తమ్ముడికి చెప్పాలి." నా దస్తూరీ. పక్కన టిక్కు లేదు.

అన్నట్టు, ఒక తరం ఒంటరితనం అని రాశావే, ఆ స్టూలు ఖాళీ చేసింది నేనే కాబట్టి, లెక్కప్రకారం మీ వీడియోకి దర్శకురాలిని నేనే. స్వెటరు నాది, నీలం కాగితం నాది, స్టూలు నాది. పెళ్ళి వీడియోలవాడి పేరు కొట్టెయ్.

రాసుకో. పారిపోయాడు అన్నది కొట్టేసి, అక్క చెప్పలేదు అని రాయి. రెండు ముక్కలు. నాన్నగారి ఊసు ఎత్తకు. ఎందుకు చెప్పలేదో కూడా వెయ్యాలా? వెయ్యి, నీ ఇష్టం. ఎవరూ నమ్మరు. పిల్లికి మూడు వారాలు శిక్షణ ఇచ్చారంటే నమ్ముతారు గానీ.

విన్నావా? గేటు. తీసే ముందు దాని మీద నాలుగు దెబ్బలు వాయించకుండా లోపలికి రాడు. ఆరు అయిందన్నమాట.

లేవకు, కూర్చో. ఆ కాగితం మిషను మీద పెట్టు, కనిపించేలా. ఇప్పుడు ఆ పెన్ను ఇటివ్వు. కబురు ఆలస్యమైంది, కానీ అందాల్సినవాడికి అందాలి కదా, అది నాన్నగారి రూలు.

టిక్కు వాడు పెడితే పెడతాడు. లేకపోతే లేదు.